తలుపు మూసుకున్న తర్వాతి పేజీ

కరెంటు పోయింది. పోతే పోయింది, లిఫ్టులు బాగుచేసేవాడికి కరెంటు పోవడం ఒక వింతా అనుకుందామంటే ఈ లిఫ్టులో బ్యాటరీ లేదు, కరెంటు పోయినప్పుడు పెట్టెని పక్క అంతస్తు దాకా మోసుకెళ్లి తలుపు తెరిచే బ్యాటరీ, దాన్ని విప్పింది నేనే, పాడైందని నా హెల్పరు పొడుగోడి చేతికిచ్చి కొత్తది పట్టుకురమ్మని పంపింది నేనే, ఆగిన పెట్టెని చేత్తో దింపే పైన మిషను గది తాళం వాడి జేబులోనే ఉందని తెలిసీ, మెట్లు దిగడానికి బద్ధకించి లిఫ్టెక్కిందీ నేనే. చెడపకురా చెడేవు అంటారు, నేను ఎవర్నీ చెడపలేదు, బాగుచేయడానికొచ్చి ఇలా చెడ్డాను. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు, పొడుగోడైతే పెళ్లాం బిడ్డలకి కూడా చెప్పి నవ్విస్తాడు. ఆదివారం, ఆఫీసుల భవనం, కింద వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. ఆయన అరుపు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది, మీవాడు బయల్దేరాడంట సార్, ట్రాఫిక్‌లో ఉన్నాడంట. సరే అన్నాను. ఆయనకి వినపడిందో లేదో తెలీదు.

తలుపుల మధ్య వేళ్లు పెట్టి లాగాను, లాగకూడదని అందరికీ చెప్పే నేను. బెత్తెడు తెరుచుకున్నాయి. అవతల సిమెంటు గోడ, పూతలేని గోడ, దాన్నెవరూ చూడరని కట్టినవాళ్లకి తెలుసు కాబట్టి అలా వదిలేశారు. రెండు అంతస్తుల మధ్యనున్నానన్నమాట. ఆ బెత్తెడు సందులోంచి చల్లటి గాలి పైకి పోతోంది, సిగ్నలు కూడా అక్కడే, ఫోను సందు దగ్గర తల ఎత్తున పట్టుకుంటేనే ఒక గీత వస్తోంది, కిందికి దించితే పోతోంది. అందుకే నిలబడి ఉన్నాను. నిలబడి మళ్లీ ఆ అలమారా తెరిచాను. అలమారా అంటే చెక్కది కాదు, ఫోనులోది. అదే మాట, పొద్దున చూసిందే, నిన్న చూసిందే. మీ అలమారాలో పుస్తకాలేవీ లేవు.

ఉండేవి. కొన్నవే, దొంగిలించినవి కావు. మా బావమరిది పురుగులా దొలిచి దొలిచి అంటించిన జబ్బు ఈ ఆట, బావా ఒక్కసారి ఆడి చూడు, బల్ల చుట్టూ కూర్చుని ఆడేదే, కాకపోతే మ్యాపూ పుస్తకం కంప్యూటర్లో ఉంటాయి అన్నాడు. ఒకరు పుస్తకం దగ్గర పెట్టుకుని గది ఎలా ఉందో చదివి చెప్పాలి, మిగతావాళ్లు ఒక్కో వేషం కట్టి ఆ గదిలో ఏం చేస్తామో చెప్పాలి, అనుమానం వచ్చిన చోట పాచిక వెయ్యాలి. అంతే ఆట. చదివేది నేను. మా ఆవిడ గరిటె పట్టిన యుద్ధవీరురాలు, గరిటె ఎందుకంటే కత్తి నాకు చేతకాదు, గరిటె అలవాటు అంది. బావమరిది దొంగ, అందులో నటన ఏమీ లేదు, మా ఫ్రిజ్‌నడిగితే చెబుతుంది. మా పిల్ల దివిటీ పిల్ల. అందరికంటే ముందు నడిచి వెలుగు చూపించేది. మూడో తరగతి పిల్లకి అంత పెద్ద బాధ్యత ఎందుకే అంటే, మీరందరూ చీకట్లో పడతారు నాన్నా అంది. ఆదివారాలు ఆడేవాళ్లం, మెట్ల కోట అనే కథ. కోట నిండా మెట్లే, ఒక్కో మెట్ల వరస పైన ఒక్కో తలుపు.

నాకొక చాదస్తం. పని దగ్గర కూడా అంతే, పుస్తకంలో ఎలా ఉంటే అలా, తీగ అటు తిప్పి ఇటు తిప్పి సరిపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట, సరిపెట్టిన లిఫ్టు ఎప్పుడో ఒకప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. ఆటలోనూ అదే పట్టుకున్నాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, నేను ఒక గది మాత్రమే చదువుకుని మన మాటల్లో చెబుతాను, ముందు గదులు చూడను, లేనిది కలపను. పిల్ల నా మొహం చూసి అడిగేది, పుస్తకంలో ఉందా నాన్నా? ఉంది అంటే ఇక ఎదురు చెప్పేది కాదు. కప్ప మాట్లాడిందన్నా నమ్మేది. ఆ నమ్మకం చూసి నాకు ఛాతీ ఇంతయ్యేది, ఎందుకు దాచాలి, ఇంట్లో ఇంకెవరు నమ్ముతారు నా మాట. ఇంకోటి ఏంటంటే, ఆట ఆపేముందు ఎవరెక్కడ పడుకున్నారో చెప్పాలి. ఇది పుస్తకంలో లేదు, పిల్ల పెట్టిన రూలు. గరిటె వీరురాలు పొయ్యి పక్కన పడుకుంది, దొంగ బస్తాల మీద పడుకున్నాడు, దివిటీ పిల్ల దివిటీ గోడకి గుచ్చి కిటికీ కింద పడుకుంది. అలా చెప్పాక లేచి వెళ్లి తనూ పడుకునేది. అక్కడ పడుకోవడానికి చోటుందో లేదో పుస్తకంలో చూసే చెప్పేవాణ్ని.

పోయిన ఆదివారం ఆటలో వాళ్లిద్దరికీ దెబ్బలు తగిలాయి, మెట్ల మలుపు దగ్గర పడుకోబెట్టేశాను. పిల్ల ఒక్కతే పైకెళ్లింది. నేను చదివాను. తలుపు తెరుచుకుంది, లోపల చీకటి, నువ్వు గడప దాటావు, నీ వెనక తలుపు మూసుకుంది. అక్కడికి ఫోను మోగింది. ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయింది, లోపల మంచం మీద మనిషి ఉన్నాడు. ఇంకేం ఆలోచిస్తాం, పనిముట్ల పెట్టె పట్టుకుని పరిగెత్తాను, కంప్యూటరు మూత నేనే మూసిన గుర్తు. వెళ్లాను, తీశాను, ఆ మనిషి బతికే ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి పిల్ల హాల్లో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎక్కడ పడుకుందో నువ్వు చెప్పలేదుగా నాన్నా అంది. ఓస్ ఇంతేనా అని కంప్యూటరు తెరిస్తే అలమారా ఖాళీ.

మొదట సిగ్నలు అనుకున్నాను. తర్వాత తప్పు పాస్‌వర్డ్ అనుకున్నాను. బావమరిది వచ్చి తలకిందులై వెతికి చెప్పాడు, ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందట, పాత పుస్తకాలు కొన్నింటిని వెనక్కి తీసేసుకుందట. వెనక్కి తీసుకోవడమేంటిరా, డబ్బిచ్చి కొన్నాం కదా. కొనలేదు బావా, చూడ్డానికి అనుమతి ఇచ్చారంతే, చిన్నచిన్న అక్షరాల్లో రాసే ఉందట. ఇంకెక్కడా దొరకదట, అచ్చు పుస్తకం ఎప్పుడూ రాలేదట. ఊరుకోకుండా ఆ కథ ఆడినవాళ్లని ఎక్కడెక్కడివాళ్లనో పట్టుకుని అడిగాడు. కింది గదులన్నీ అందరూ చెప్పారట, పొయ్యి గది, బస్తాల గది, మాట్లాడే కప్ప. ఆ పై గది దగ్గరికొచ్చేసరికి ఒకడు అది ఖాళీ గది అన్నాడట, ఇంకొకావిడ అక్కడసలు తలుపే లేదు మెట్లు గోడకి కొట్టుకుని ఆగిపోతాయి అందట, మూడోవాడు, మీవాళ్లెవరైనా లోపలికెళ్లారా అని అడిగి మళ్లీ జవాబివ్వలేదట. బావమరిది దీన్ని నవ్వుతూ చెబుదామని మొదలుపెట్టి నవ్వకుండా ముగించాడు.

పిల్ల ఏడవదు, మారాం చెయ్యదు, అదే నాకు భయం. తింటుంది, హోంవర్కు రాస్తుంది, పడుకోమంటే మాత్రం పడుకోదు. దివిటీ పిల్ల నిలబడి ఉంటే నేనెలా పడుకుంటాను అంటుంది. మా ఆవిడ ఒళ్లో వేసుకుని జోకొట్టి, దివిటీ పిల్ల కూడా పడుకుందిలే అంటే, చెప్పాల్సింది నువ్వు కాదమ్మా అంది. గోడకి ఆనుకుని కునుకుతుంది, జారిపోతుంది, ఉలిక్కిపడి లేచి మళ్లీ నిలబడుతుంది. బడిలో టీచరు, గుర్రంలా నిలబడి నిద్రపోతోందండీ మీ అమ్మాయి అంది. కళ్ల కింద నల్లగా, పెద్దవాళ్లకొచ్చినట్టు. డాక్టరు బల్ల మీద పడుకో తల్లీ చూస్తాను అంటే బల్ల అంచు పట్టుకుని, ఆమె ఇంకా నిలబడే ఉంది, వద్దంది. ఎవరు నిలబడ్డారమ్మా అంటే చెప్పింది. చేతిలో దివిటీ ఉందిగా, భయమెందుకు అన్నాడాయన, మంచివాడు. అది ఆరిపోయిందండీ. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నేను ఆరిపోయిందని చెప్పలేదు, ఒట్టు, పుస్తకంలో అక్కడిదాకా రాలేదు. బయటికొచ్చాక అడిగాను, దివిటీ ఆరిందని ఎవరు చెప్పారే? నువ్వు ఫోను ఎత్తాక ఆరిపోయింది నాన్నా, అంది, నాకు తెలిసిన విషయమే తనని అడుగుతున్నానన్నట్టు.

అబద్ధం చెప్పేయొచ్చు కదా అంటుంది మా ఆవిడ, పుస్తకం దొరికింది, కిటికీ కింద మంచం ఉంది, పడుకో అని చెప్పండి, ఏం పోతుంది. కానీ పిల్ల నా మొహంలోకే చూసి అడుగుతుంది, పుస్తకంలో ఉందా అని. నా మొహం నాకు తెలుసు, పేకాటలో ఎప్పుడూ గెలవని మొహం. ఒక్కసారి పట్టుకుందంటే ఇక నేను ఏం చెప్పినా నమ్మదు, అప్పుడు పుస్తకం దొరికినా దండగే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈలోగా పిల్ల ఈ ఉదయం అన్నం పళ్లెం ముందు నిలబడి చెంచా నోటి దాకా తీసుకెళ్లి అలాగే ఆగిపోయింది, కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే వినలేదు. ఇవాళ కాకపోతే రేపు ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నాడు డాక్టరు. ఆ మాట విని కూడా నేను బ్యాటరీ మార్చడానికి వచ్చాను. ఇంట్లో ఉండలేక వచ్చాను.

ఫోను కిర్రుమంది. పుస్తకాల కంపెనీవాళ్ల హెల్ప్ చాట్, పొద్దున నుంచీ రాస్తూనే ఉన్నాను వాళ్లకి, గోడకి చెప్పుకున్నట్టే. మీ ఖాతాలో కొనుగోళ్లేవీ కనిపించడం లేదు, ఇంకేమైనా సహాయం కావాలా. కావాలి. నాకు పుస్తకం మొత్తం వద్దు, ఒక్క పేజీ చాలు, తలుపు మూసుకున్న తర్వాతి పేజీ, అందులో పడుకోవడానికి చోటుందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి, నా కూతురు నిద్రపోవాలి. చేత్తో ఫోను పైకెత్తి ఒంటి వేలితో ఇదంతా రాసి పంపాను. అవతల మనిషో మరబొమ్మో, చుక్కలు కదిలాయి, ఆగాయి. ఆ పేరుతో పుస్తకం ఎప్పుడూ లేదు. తీసేశాం అనలేదు, లేదు అన్నారు. ఆ ముక్కే మళ్లీ మళ్లీ చదివాను. కాసేపటికి ఇంకోటి వచ్చింది. మీరింకా అక్కడే ఉన్నారా?

మరబొమ్మలు అలా అడుగుతాయి, నాకు తెలుసు, జవాబివ్వకపోతే అడిగే మాట అది, బ్యాంకువాళ్లూ అడుగుతారు. అయినా చీకట్లో నిలబడ్డ మనిషిని అడగాల్సిన మాట కాదు. ఎక్కడ, అని రాశాను, ఎందుకు రాశానో. జవాబు రాలేదు, గీత పోయింది. ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే తాళ్లు వినిపిస్తున్నాయి, పెట్టెని పట్టుకున్న ఉక్కు తాళ్లు, బరువుకి సన్నగా మూలుగుతాయి, పనిలో అది వినను, పనిలో ఎప్పుడూ ఏదో మోత. ఇన్నేళ్లు వీటిలో తిరిగాను గానీ ఆగిన లిఫ్టులో ఊరికే నిలబడటం ఇదే మొదలు. తీయడానికి వెళ్లినప్పుడల్లా లోపలివాళ్లు వెర్రిచూపులు చూసేవాళ్లు, ఇంతలోనే ఏమైందండీ, గాలుందిగా, పడిపోదుగా అని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు తెలుస్తోంది, గాలి గురించి కాదు భయం, పడిపోవడం గురించీ కాదు. బయట నీ గురించి ఎవరో మాట మధ్యలో ఆపేసి వెళ్లిపోయారు. వాళ్లొచ్చి మిగతాది చెప్పేదాకా నువ్వు వెనక్కి వెళ్లలేవు, ముందుకీ వెళ్లలేవు, తలుపు మూసుకుంది అన్న చోటే ఉంటావు. పోయిన ఆదివారం నుంచి ఆ పిల్ల ఇలా ఉందా? ఏ పిల్ల, మా పిల్లా, దివిటీ పిల్లా? ఇద్దరూ ఒకటే అయిపోయారు నాకు.

ఆ పేజీ ఒక్కసారి కంటికి కనబడింది నాకు, ఆ సాయంత్రం, ఫోను మోగినప్పుడు. పైన బొమ్మ ఉందా? ఉన్నట్టే ఉంది. నాలుగో అయిదో వరసలు, ఇనుము అన్న మాట చూశానా, చూశాననే అనిపిస్తోంది, లేక ఇప్పుడు ఇనప గోడకి ఆనుకుని ఉన్నాను కాబట్టి అలా అనిపిస్తోందా. ఫోను తెర ఆరిపోయింది, కళ్లు మూసుకున్నా తెరిచినా ఒకటే చీకటి.

మళ్లీ గీత వచ్చింది, ఫోను మోగింది. మా ఆవిడ. గొంతు మామూలుగా పెట్టాలని చూస్తోంది. పిల్ల కాళ్లు వణుకుతున్నాయండీ, కూర్చోమన్నా కూర్చోవట్లేదు, నేను పట్టుకునే ఉన్నాను, మీతో మాట్లాడతానంటోంది. స్పీకరు పెట్టాను. చెయ్యి సందు దగ్గర పైకెత్తి, మొహం గోడకి పెట్టి నిలబడ్డాను.

"నాన్నా, ఎక్కడున్నావు?"

లిఫ్టులో అందామనుకున్నాను. కానీ నోట్లోంచి గది చదివేటప్పటి గొంతు వచ్చింది, నాకు తెలీకుండానే, ఆదివారాల గొంతు. గది చిన్నది అన్నాను. నాలుగు వైపులా ఇనప గోడలు, చెయ్యి పెడితే చల్లగా ఉన్నాయి. కిటికీ లేదు. తలుపు బెత్తెడు తెరుచుకుంది కానీ అవతల గోడ ఉంది. కింద నుంచి గాలి పైకి పోతోంది. ఎక్కడో పైన తాళ్లు మూలుగుతున్నాయి. నేల మీద పల్చటి చాప లాంటిది పరిచి ఉంది, పొడిగా ఉంది, ఒక మనిషి కాళ్లు ముడుచుకుంటే పడుకోవచ్చు. అదంతా ఉన్నదే, ఒక్క ముక్క కూడా కలపలేదు. పిల్ల ఊపిరి వినపడుతోంది.

"పుస్తకంలో ఉందా?"

"లేదమ్మా. పుస్తకం పోయింది. ఇక రాదు."

చెప్పేశాను. వారం రోజులుగా చెప్పలేకపోయిన మాట అది. ఇప్పుడు పిల్ల ఏడుస్తుంది అనుకున్నాను, ఏడిస్తే బాగుండు కూడా అనుకున్నాను.

"మరి నీకెలా తెలుసు?"

"చూస్తున్నాను. నేను లోపలే ఉన్నాను."

ఆ మాట అన్న క్షణంలో కాళ్ల కింద నేల కుంగింది. కొంచెమే. నా వృత్తిలో ఉన్నవాడికి తప్ప తెలిసేంత కాదు. లిఫ్టు ఆగి ఉన్నప్పుడు ఒక మనిషి ఎక్కితే తాళ్లు సాగి పెట్టె వెంట్రుకంత కిందికి దిగుతుంది, బరువు మనిషైతే ఎక్కువ, చిన్నపిల్లయితే తక్కువ. ఇది తక్కువే. కరెంటు రాలేదు, పైన ఎవరూ లేరు, తాళం పొడుగోడి జేబులో ఉంది. వెనక్కి తిరగలేదు నేను. తిరిగితే ఫోను సందు దగ్గర నుంచి కదులుతుంది, గీత పోతుంది. అందుకే తిరగలేదని చెప్పుకుంటాను.

నాకు కనబడట్లేదు నాన్నా, అంది ఫోనులో పిల్ల. చీకటి కదమ్మా అన్నాను. చెయ్యి చాపు అంది. ఖాళీగా ఉన్న చేతిని వెనక్కి చాపాను. ఈ పెట్టె కొలతలు నాకు కంఠతా వచ్చు, అటువైపు మూర దూరంలో గోడ ఉండాలి, మోచెయ్యి పూర్తిగా చాపకముందే వేళ్లు తగలాలి. చెయ్యి మొత్తం చాపాను. గోడ ఉండాల్సిన చోట గోడ తగల్లేదు. చల్లగా ఉంది అంతే. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తండ్రిని కదా, ఎలా తీసుకుంటాను.

"ఆఁ, అందింది," అంది పిల్ల. ఆవులించింది, ఫోనులో స్పష్టంగా, మొన్న ఆదివారం తర్వాత మొదటి ఆవులింత. "అయితే నేను పడుకుంటా. నువ్వు నిలబడు."

సరే అన్నాను. అప్పుడు చెప్పాల్సినట్టుగా చెప్పాను, దివిటీ పిల్ల నేల మీద చాప పైన, తలుపుకి కాళ్లు పెట్టి, పడుకుంది. ఫోనులో దుప్పటి గరగర, మంచం కిర్రు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మా ఆవిడ గుసగుసగా, పడుకుందండీ, నిజంగా పడుకుంది, ఒక్క క్షణంలో, అని ఏడ్చేసింది. ఏడవకు లేస్తుంది అన్నాను. గీత పోయింది.

ఎంతసేపు అలా ఉన్నానో. పిక్కలు పట్టేశాయి, మోకాళ్లు సలుపుతున్నాయి, కింద కూలబడితే హాయిగా ఉంటుంది, పల్చటి చాప, పొడిగా ఉంది. కానీ అక్కడ చోటు లేదు. లేదని నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఎత్తిన కాలు కూడా చూసుకుని పెట్టాను, తొక్కుతానేమోనని.

పైన అడుగుల చప్పుడు, తాళం తీసిన చప్పుడు, అన్నిటికంటే ముందు పొడుగోడి నవ్వు వినపడింది. అన్నా, నువ్వేనా లోపల, ఈ సంగతి వదలను. బ్రేకు వదిలి మెల్లగా దింపాడు, తలుపు తెరుచుకుంది, వరండా వెలుగు కళ్లలో గుచ్చుకుంది. గడప దాటి బయటికొచ్చాను, వెనక్కి చూడకుండా. వాచ్‌మన్ నా మొహం చూసి గబగబా తన కుర్చీ లాక్కొచ్చి దులిపి వేశాడు, కూర్చోండి సార్, మనిషి మనిషిలా లేరు, మంచినీళ్లు తెస్తాను. పైనుంచి దిగొచ్చిన పొడుగోడు నవ్వు ఆపి భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. వద్దన్నాను. నేను కూర్చుంటే పిల్ల లేస్తుంది.